కుక్కా, గోపీ, ఇంగ్లీషూ

తెలుగు పద్యాలు గడగడా అప్పజెప్పే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. వాళ్ళలోనే కొందరు, ఇంగ్లీషులో ఒక్క వాక్యం చెప్పమనేసరికి తల వంచుకుని నేలచూపులు చూస్తారు. తప్పు వస్తుందేమోనని భయం, పక్కవాడు నవ్వుతాడేమోనని మరీ భయం. కాని ఆ తప్పులను కాస్త పరీక్షగా చూడండి, తమాషా అయిన సంగతి ఒకటి బయటపడుతుంది. వాటిలో చాలా భాగం తెలివి తక్కువై వచ్చినవి కావు, తెలుగు బాగా రావటంవల్ల వచ్చినవి!

ఎలాగంటారా? "గోపి కుక్కను తరిమాడు" అన్నామనుకోండి. మాటలు తారుమారు చేసి "కుక్కను గోపి తరిమాడు" అన్నా అర్థం మారదు. పారిపోయింది కుక్కే. ఎందుకంటే, "ను" అనే చిన్న ప్రత్యయం కుక్కను అంటిపెట్టుకుని ఉన్నది. వాక్యంలో కుక్క ఎక్కడికి వెళితే అదీ అక్కడికి వెళుతుంది.

ఇదే సంగతి ఇంగ్లీషులో "గోపి చేజ్డ్ ద డాగ్" అంటారు. ఇక్కడ "ను" లేదు. మరి ఎవరు ఎవరిని తరిమారో తెలిసేదెట్లా? మాట నిలబడిన చోటునుబట్టి! క్రియకు ముందు నిలబడినవాడు తరిమేవాడు, క్రియ వెనక నిలబడింది పారిపోయేది. మాటలు తారుమారు చేసి "ద డాగ్ చేజ్డ్ గోపి" అన్నారో, పాపం, గోపి చెప్పులు వదిలేసి పరిగెత్తవలసిందే.

మన క్రియ సాధారణంగా వాక్యం చివర కూచుంటుంది, ఇంగ్లీషు క్రియ మధ్యకు వస్తుంది. అందుచేత "నేను అన్నం తిన్నాను" అనేదాన్ని ఒక్కొక్క మాటే మార్చుకుంటూ పోతే "ఐ రైస్ ఏట్" అవుతుంది. మాటలన్నీ ఇంగ్లీషువే, వాక్యం మాత్రం తెలుగు వాక్యం. "బల్లమీద" అన్నప్పుడు మనకు "మీద" వెనక వస్తుంది, వాళ్ళకు "ఆన్" ముందే వచ్చి "ఆన్ ద టేబుల్" అవుతుంది.

ఇంకొక చిక్కు ఉన్నది. అమ్మ పిలిస్తే "వస్తున్నా" అంటాం. వచ్చేది నేనేనని ఆ క్రియే చెబుతుంది, కనక "నేను" అనకపోయినా లోటు లేదు. ఇంగ్లీషులో అలా కుదరదు, "ఐ యామ్ కమింగ్" అనాలి. ఎవరో ఒకరు ముందు నిలబడకపోతే వాళ్ళ వాక్యం కదలదు. వాన పడినప్పుడు కూడా "ఇట్ ఈజ్ రెయినింగ్" అంటారు. ఆ "ఇట్" ఎవరని అడగకండి. అది ఎవరూ కాదు, ఖాళీ కుర్చీలో కూచోబెట్టిన మనిషిలాంటిది!

మర్యాద సంగతి కూడా చూడండి. "నీళ్ళివ్వండి" అంటే ఆ "అండి"లోనే గౌరవమంతా ఉన్నది. "గివ్ మి వాటర్" అంటే అది ఎగిరిపోతుంది, వినేవాళ్ళకు హుకుం జారీ చేసినట్టుంటుంది. మన "అండి" చేసే పని అక్కడ "ప్లీజ్" చేస్తుంది. అందుకే, ఇంట్లో ఎంతో వినయంగా ఉండే పిల్లవాడు కూడా ఆ ఒక్క మాట మరిచిపోతే ఇంగ్లీషులో పెంకివాడిలా కనిపిస్తాడు.

అవస్థ మనకేననుకోకండి. తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువాడి పాట్లు ఇంతకు తక్కువ కావు. మనకు "మేము", "మనము" అని రెండున్నాయి. "మేము తిరునాళ్ళకు వెళుతున్నాం" అంటే వినేవాడు రానక్కరలేదు, "మనం వెళుతున్నాం" అంటే వాడూ బయలుదేరాలి. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట, "వీ". 1817లో మద్రాసుకు ఉద్యోగానికి వచ్చిన బ్రౌనుదొర ఇలాంటి చిక్కులన్నీ దాటినవాడే. సి. పి. బ్రౌను రాసిన తెలుగు వ్యాకరణం 1840లోనూ, తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లోనూ అచ్చయ్యాయి. ఆ నిఘంటువును పండితులు ఈనాటికీ తిరగేస్తూనే ఉన్నారు.

ఇక మాటల సంగతి. మాటకు ఎదురుగా మాట రాసుకుని, జాబితాలు బట్టీపట్టటం నాకు నచ్చని పద్ధతి. "వేయి" అనే క్రియనే తీసుకోండి. తలుపు వేయి అంటే "షట్". తాళం వేయి అంటే "లాక్". బొమ్మ వేయి అంటే "డ్రా". విత్తనాలు వేయి అంటే "సో". లైటు వేయి అంటే "స్విచ్ ఆన్". చొక్కా వేసుకో అంటే "పుట్ ఆన్". "నాకు ఆకలి వేస్తోంది" అన్నప్పుడు మరీ వింత! "ఐ యామ్ హంగ్రీ" అంటారు, వేయటమన్నదే మాయమైపోయింది. ఒక్క తెలుగు మాటకు ఎదురుగా ఏ ఒక్క ఇంగ్లీషు మాటను రాసుకున్నా, మిగతా చోట్ల అది మోసం చేస్తుంది. అందుచేత మాటను దాని స్నేహితుడితో కలిపి నేర్చుకోవాలి. తలుపును "షట్"తోనూ, బొమ్మను "డ్రా"తోనూ జతకట్టి, రోజుకు రెండు మూడు జతలు, ఇంట్లో ఆ పని చేస్తున్నప్పుడే పైకి అనుకుంటే చాలు.

మీకు తెలియకుండానే మీకు వచ్చిన ఇంగ్లీషు మాటలు చాలా ఉన్నాయి. బస్సు, రోడ్డు, పెన్ను, కారు... మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి గనక వాటికి మనమొక తోక తగిలించాం. ఆ తోక తీసేస్తే బస్, రోడ్, పెన్, కార్! ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు తోక తీయటమూ, తెలుగులో మళ్ళీ తగిలించటమూ గుర్తుంటే సరి.

ఇప్పుడు మీకొక పని. "పట్టు" కూడా "వేయి"లాంటిదే. బంతి పట్టాడు, నిద్ర పట్టింది, ఇనుముకు తుప్పు పట్టింది, ఊరు చేరటానికి రెండు గంటలు పట్టింది. ఈ నాలుగింటినీ ఇంగ్లీషులో ఏమంటారో అమ్మనో, నాన్ననో పక్కన కూచోబెట్టుకుని ఆలోచించండి. మొదటిదానికి జవాబు "కాచ్" అని నేనే చెప్పేస్తున్నాను. తక్కిన మూడూ మీవి.