చిన్న ఊరు - సైకిలు ప్రయాణం

మన చిన్న పట్టణాలలో పెక్కు ఇండ్ల వసారాలలో ఒక సైకిలు గోడకు ఆనించి ఉంటుంది. పలుచోట్ల దాని చక్రాలలో గాలి ఉండదు. ఇంటి యజమాని మూడు కిలోమీటర్ల దూరంలోని కార్యాలయానికి మోటారు సైకిలు మీద వెళతారు. హైస్కూలుకు పోయే అమ్మాయి మరి ఏడెనిమిది మందితో పాటు ఆటోలో ఒదిగి కూర్చుంటుంది. సైకిలు ఉండగా ఇదేమని అడిగితే, "లారీలు తిరిగే దారి, పిల్లను ఎట్లా పంపమంటారు?" అని తల్లి అంటుంది. కార్యక్రమాల నిమిత్తం మేము వెళ్ళిన ఊళ్ళలో ఈ మాట పలుమారులు విన్నాము. ఆ తల్లి భయం అకారణమైనది కాదు. అయితే దానిని తొలగించడం ఆమె ఒక్కతె వల్ల అయ్యే పని కాదు. ఊరంతా పూనుకొనవలసిన పని. అది ఎట్లాగో నేడు ముచ్చటించుకుందాము.

ముందుగా కొద్దిపాటి లెక్క. మామూలు నడకలో మనిషి గంటకు 5 కిలోమీటర్లు పోగలడు. అంతే శ్రమతో సైకిలు మీద 15 కిలోమీటర్ల దాకా పోవచ్చును. అనగా ఒకే వ్యవధిలో మూడింతల దూరం. దూరం మూడింతలైతే, ఇంటిని కేంద్రంగా చేసుకొని గీసిన వృత్తం వైశాల్యం తొమ్మిదింతలు అవుతుంది. పావుగంట నడకలో అందే బడులు, అంగళ్ళు, ఆసుపత్రులు ఎన్నో, పావుగంట సైకిలు ప్రయాణంలో అందేవి అంతకు ఎన్నో రెట్లు. చిన్న పట్టణం ఈ ఎల్ల నుండి ఆ ఎల్లకు నాలుగైదు కిలోమీటర్లకు మించి ఉండదు కనుక, ఊరిలో చాలా భాగం ఆ వృత్తంలో ఇమిడిపోతుంది. మహానగరంలో 20 కిలోమీటర్ల దూరాన కొలువు చేసేవారికి సైకిలు తొక్కుమని చెప్పడం కష్టమే. చిన్న ఊరికి అటువంటి ఇబ్బంది లేదు.

మరి ఇంత సౌకర్యం ఉండగా జనం సైకిలు ఎందుకు విడిచిపెడుతున్నారు? ఈ చిక్కునే ఎదుర్కొని, కొంతవరకు విడదీసుకున్న ఒక ఊరు అమెరికాలో ఉన్నది. కార్లకు పేరుపడిన దేశంలో జరిగిన ముచ్చట కనుక మనకు మరింత ఉపయోగకరం. ఆ ఊరి పేరు డేవిస్. కాలిఫోర్నియా రాష్ట్ర రాజధాని శాక్రమెంటోకు పడమటి దిక్కున ఉన్నది. 1960లో అక్కడి జనాభా తొమ్మిది వేల లోపు. చదునైన నేల, వేసవిలో ఎండలు గట్టిగానే కాస్తాయి. ఊరిని ఆనుకొని విశ్వవిద్యాలయం ఉన్నది. 1959లో అది విస్తరించడం మొదలైనప్పుడు దాని అధిపతి ఎమిల్ మ్రాక్, చెట్లనీడలో సైకిళ్ళు తిరిగే ఆవరణకు తగినట్లుగా నిర్మాణం సాగాలని ప్రణాళికా కర్తలను కోరారు. ఆవరణ నడిమి భాగంలోకి కార్లను రానీయలేదు.

ఆవరణ దాటి ఊరిలో అడుగుపెడితే పరిస్థితి వేరు. జనంతో పాటు కార్లూ పెరిగి, సైకిలు మీద వెళ్ళేవారు వీధి అంచుకు నెట్టబడ్డారు. ఆ రోజులలోనే అక్కడి ఆచార్యులొకరు కుటుంబంతో కొంతకాలం హాలెండు దేశపు హేగ్ నగరంలో ఉండి తిరిగి వచ్చారు. అక్కడ పిల్లలు, వృద్ధులు నిర్భయంగా సైకిళ్ళపై తిరగడం చూచిన ఆ కుటుంబం, ఇక్కడ మాత్రం ఎందుకు కాకూడదని ప్రశ్నించింది. ఇరుగుపొరుగులు కలిశారు; పత్రికకు లేఖలు వ్రాశారు; సంతకాలు సేకరించారు. నాటి పురపాలక సభ సుముఖత చూపలేదు. 1966 ఎన్నికలలో ఈ విషయమే ప్రచారాంశమై, సైకిలు బాటలను సమర్థించినవారు గెలిచారు. అయినా అవరోధం తీరలేదు. రోడ్డులో కొంత భాగాన్ని సైకిళ్ళకే ప్రత్యేకించడానికి రాష్ట్ర చట్టంలో వీలు లేదు. ఆ చట్టాన్ని సవరింపజేసి, 1967లో వీధులలో సైకిలు బాటలకు గీతలు గీయించారు. ఆ దేశంలో ఇటువంటివాటిలో ఇవే మొదటివని చెబుతారు.

గీత గీయడంతో పని ముగియలేదు. బాట ఏ విధంగా ఉండవలెనన్నది వారు పరీక్షించి చూచారు. కొన్నిచోట్ల నిలిపి ఉంచిన కార్లకు, కాలిబాటకు నడుమ సైకిళ్ళకు దారి విడిచారు. ఇది క్షేమకరంగా తోచినప్పటికీ, కూడళ్ళలో మలుపు తిరిగే కారువారికి కార్ల చాటున వచ్చే సైకిలు కనపడేది కాదు. అందుచేత ఆ పద్ధతి మాని, కార్లు నడిచే దారి ప్రక్కనే స్పష్టంగా కనపడేటట్లు బాట ఏర్పరిచారు. తరువాత కట్టిన పేటలలో వీధులతో సంబంధం లేని విడి బాటలు వేసి, పెద్ద రోడ్ల క్రిందుగా సొరంగ మార్గాలు కూడా నిర్మించారు. 1980 జనాభా లెక్కల నాటికి ఆ ఊరిలో పనికి వెళ్ళేవారిలో నాలుగింట ఒక వంతుకు పైగా సైకిలు మీదనే వెళ్ళేవారు.

ఇక్కడితో ముగిస్తే కథ సుఖాంతమే. కాని 2000 నాటికి ఆ వంతు సుమారు సగానికి పడిపోయినది. బాటలు చెడిపోలేదు. ఊరు పెరిగినది, నివాసం ఇక్కడ, కొలువు వేరొక నగరంలో ఉన్నవారు ఎక్కువైనారు, విద్యార్థులకు బస్సు ఉచితమైనది. దూరం పెరిగినప్పుడు ఎంత చక్కని బాట అయినా చాలదని డేవిస్ అనుభవం తెలుపుతున్నది. కార్యాలయాలను, కళాశాలలను తరలించి ఊరికి దూరంగా హైవే ప్రక్కన కట్టే మన పట్టణాలు ఈ విషయం ఆలోచించవలసి ఉన్నది. నిన్నటి వరకు సైకిలు మీద వెళ్ళిన గుమాస్తాను ఆ ఒక్క నిర్ణయం మోటారు సైకిలు కొనుక్కొనేటట్లు చేస్తుంది.

దారి ఉన్నంత మాత్రాన అందరూ తొక్కగలరా? దీనికి సమాధానం మన ప్రక్కనే తమిళనాడులో దొరుకుతుంది. 1991లో పుదుక్కోట్టై జిల్లాలో "అరివొళి" అనే అక్షరాస్యతా ఉద్యమం మొదలైనది. నాటి కలెక్టరు షీలారాణి చుంకత్ ప్రోత్సాహంతో, అక్షరాలతో పాటు సైకిలు తొక్కడం కూడా స్త్రీలకు నేర్పారు. కూలి పనివారు, రాళ్ళ క్వారీలలో పనిచేసేవారు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేలకొలదిగా నేర్చుకున్నారు. దారిలో ఎగతాళి మాటలు వినవలసి వచ్చినది. అయినా పదిమంది కలిసి తొక్కుతుంటే ఆ మాటలకు బలం తగ్గినది. సైకిళ్ళ కొనుగోలుకు బ్యాంకుల చేత అప్పులు ఇప్పించారు. ఆడవారి సైకిళ్ళు చాలకపోతే మగవారి సైకిళ్ళే తీసుకున్నారు. ముందరి అడ్డకడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకొనవచ్చునని వాటినే మెచ్చినవారూ ఉన్నారు. బస్సు కొరకు, తండ్రి కొరకు, భర్త కొరకు ఎదురుచూచే అవసరం వారికి తగ్గినది. ఒక స్త్రీకి సైకిలు అంటే పెట్రోలు ఆదా మాత్రమే కాదని దీని వలన తెలుస్తున్నది.

ఇక లారీల సంగతి. వాహనం తాకిడి బలం దాని వేగంతో సమానంగా కాక, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగాన్ని 30కి తగ్గిస్తే, దానిలోని శక్తి సగం కాదు, నాలుగవ వంతు అవుతుంది. కావున బడి పరిసరాలలో వేగాన్ని 30కి కట్టడి చేయడం, బడివేళలలో లారీలను ఊరి నడుమకు రానీయకపోవడం అన్నిటికంటే ముందు చేయవలసినవి. పిమ్మట, ఇండ్ల వాడ నుండి బడికి, బజారుకు, బస్సు స్టాండుకు తెగకుండా సాగే ఒక్క బాట చాలును. అక్కడక్కడ ముక్కలుగా వేసిన పది బాటల కంటే అది మేలు. చేరినచోట నీడ గల సైకిలు స్టాండు, తాళం వేసుకొనడానికి ఇనుప కడ్డీ, దగ్గరలో గాలి పంపు, పంక్చరు వేసే మనిషి ఉంటే మరింత మంచిది. ఇవేవీ చిన్న పురపాలక సంఘానికి మోయలేని ఖర్చులు కావు.

ఇంకొక మాట. ఉపాధ్యాయులు, డాక్టరుగారు, కార్యాలయపు అధికారి వారానికి రెండు రోజులైనా సైకిలు మీద వచ్చినారంటే, అది గతిలేనివారి వాహనమనే చులకన పోతుంది. అంతేకాదు, దారిలోని గుంట ఎక్కడ ఉన్నదో, దీపం ఎక్కడ వెలగడంలేదో వారికి స్వయంగా తెలిసివస్తుంది. చెప్పవలసినచోట చెప్పి బాగుచేయించగలవారు కూడా వారే.

డేవిస్‌లో ఈ పని ఇరుగుపొరుగుల మాటలతో, కొన్ని సంతకాలతో మొదలైనది. మీ వీధిలోనూ పది కుటుంబాలవారు కూడి, బడికి పోయే దారిని ఒక ఉదయం స్వయంగా సైకిలు మీద వెళ్ళి చూడండి. ఎక్కడ భయం వేసినదో ఆ చోట్లను కాగితం మీద వ్రాసి పురపాలక సంఘానికి అందజేయండి. ఆ చోట్లు ఒక్కొక్కటిగా సరియైన నాడు ఆ తల్లి వసారాలోని సైకిలుకు గాలి కొట్టించి, బిడ్డను బడికి పంపుతుంది.