కొండల ఛాయాచిత్రం: మసకను ఎంతవరకు తొలగించాలి?

అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు సమీపాన ఉన్న వంజంగి కొండపై చలికాలపు సూర్యోదయ వేళ, లోయ నిండా పరుచుకున్న మేఘాలనూ వాటి వెనుక లేచే కొండ వరుసలనూ ఔత్సాహికులు తీసే ఛాయాచిత్రాలలో దూరపు కొండలు తరచుగా వెలిసిపోయి బూడిదరంగులో కలిసిపోతాయి, ముందున్న గడ్డీ బండలూ నల్లబడతాయి. చూపు కదిలేకొద్దీ కన్ను వెలుతురుకు సర్దుకుంటుంది గాని, కెమెరా సాధారణంగా సూర్యబింబాన్నీ నీడలోని బండనూ ఒకే ఎక్స్‌పోజర్‌తో, అంటే ఒకే కాంతి పరిమాణంతో నమోదు చేయడమే ఇందుకు కారణం.

దిద్దుబాటుకు ముందు చిత్రాన్ని ఇతరులకు చూపడం అవసరం, ఎందుకంటే తీసిన వ్యక్తికి చీకట్లో ఎక్కిన దారీ చలిగాలీ కూడా అందులో కనిపిస్తాయి, చూసేవారికి చట్రంలో ఉన్నది మాత్రమే కనిపిస్తుంది. ‘బాగుంది’ అనే మెప్పు వల్ల ప్రయోజనం స్వల్పం; చూపు మొదట ఎక్కడ పడింది, ఎక్కడ చిక్కుకుంది, ఏ భాగాన్ని చేతితో కప్పితే చిత్రం మెరుగవుతుంది అని అడిగినప్పుడే పనికొచ్చే సమాధానాలు వస్తాయి. ఒరిగిన దిగంతరేఖ, అంచున మెరిసే కొమ్మ వంటివి ఈ దశలోనే బయటపడి, కాస్త తిప్పి కత్తిరించడంతోనే తీరిపోతాయి.

మార్పులు చేయదలచినవారు రా ఫైల్‌ను, అంటే కెమెరా సెన్సర్ నమోదు చేసిన సమాచారాన్ని దాదాపు యథాతథంగా దాచే రూపాన్ని, ఎంచుకోవడం మేలు. సాధారణ జేపెగ్ ఫైల్‌లో ప్రతి రంగుకూ 256 స్థాయిలే ఉంటాయి, 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 ఉంటాయి కనుక నల్లబడిన బండలను అందులో చాలావరకు వెలికితీయవచ్చు. పూర్తిగా తెల్లబడిన సూర్యుని పరిసరాలను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ నిజంగా తిరిగి ఇవ్వలేదు.

అసలు చిక్కు మసక దగ్గర వస్తుంది. గాలిలోని అణువులు నీలికాంతిని ఎక్కువగా చెదరగొట్టడం వల్ల, తేమా ధూళీ దానికి తోడవడం వల్ల, కొండ దూరమైనకొద్దీ పాలిపోయి నీలంగా కనిపిస్తుంది. చదునైన చిత్రంలో కన్ను దూరాన్ని అంచనా వేసేది చాలావరకు ఈ క్రమాన్ని బట్టే. 2015లో ఛాయాచిత్రాలను దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో చేరిన డీహేజ్ అనే సాధనం మసకబారిన చోట వెలుగునీడల తేడాను పెంచుతుంది. దాన్ని చివరిదాకా జరిపితే వెనుక కొండ ముందు కొండంత నల్లబడి, అంతా ఒకే గోడలా మారుతుంది. మసకను లోపంగా భావించి పూర్తిగా తుడిచివేయడం ఔత్సాహికులు చేసే అతి పెద్ద పొరపాటు. మధ్య వరుసలకే దాన్ని కొద్దిగా వర్తింపజేసి, చివరి వరుసను అలాగే వదలడం మంచిది.

ఇలా ఒక్కొక్క భాగాన్ని వేరుగా దిద్దే పద్ధతి కంప్యూటర్లతో పుట్టింది కాదు. డార్క్‌రూమ్‌లో ప్రింట్ వేసేటప్పుడు కాగితంపై కొంత భాగానికి వెలుతురును అడ్డుకుని తేలికపరచడాన్ని డాడ్జింగ్ అనీ, మరికొంత భాగానికి అదనంగా వెలుతురునిచ్చి ముదురుచేయడాన్ని బర్నింగ్ అనీ అంటారు. అమెరికన్ ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్’ నెగటివ్‌ను దశాబ్దాలపాటు ప్రింట్ చేస్తూ ఆకాశాన్ని క్రమంగా ముదురుచేశారు. అంతకుముందు 1927లో, యోసెమిటీలోని హాఫ్ డోమ్ శిలను పసుపు ఫిల్టర్‌తో తీశాక, తాను అనుభవించిన గాంభీర్యం అందులో రాదని గ్రహించి, నీలికాంతిని అడ్డుకునే ఎర్ర ఫిల్టర్‌తో మళ్ళీ తీసి ఆకాశాన్ని దాదాపు నల్లగా మార్చారు.

వేరొకచోటి ఆకాశాన్ని తెచ్చి అతికించడం ఈ కోవలోకి రాదు. మేఘాలపై పడిన వెలుగు ఒక దిక్కు నుంచీ, కొండవాలుపై పడినది మరొక దిక్కు నుంచీ వస్తే ఆ కొండలను ఎరిగినవారు వెంటనే పసిగడతారు. దిద్దిన చిత్రాన్ని కొంత విరామం తరువాత అసలు చిత్రం పక్కన పెట్టి, మొదట చూసినవారికే మళ్ళీ చూపినప్పుడు వారు కొండల గురించి కాక రంగుల గురించి మాట్లాడితే, రంగుల గాఢతను తగ్గించవలసి ఉంటుంది.