పల్లీల చేతులు, పసిపిల్లలు

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో, నల్లమల అడవి మొదలయ్యే చోట మన్ననూరు. అక్కడ దిగి టీ తాగుతాం, పిల్లల చేతిలో పల్లీపట్టీ పెడతాం. పాలమూరు వైపు వేరుశెనగ పండే నేల, పల్లీలకు కొదవేముంది? రెండేళ్ళవాడు పట్టీ సగం తిని, సగం బస్సు సీటుకూ కిటికీ ఊచలకూ పులుముతాడు. తల్లి కొంగుతో మూతి తుడిచి ఊరుకుంటుంది. పక్కన పల్లీలు పడని పాప ఉంటే ఆ తల్లికి గుండెలో గుబులు. ఆమెది చాదస్తం అనకండి.

అయితే పల్లీ చర్మానికి తగిలినంతలో సాధారణంగా కొంచెం దురద, నాలుగు దద్దుర్లు, అంతే. ప్రమాదం నోట్లోకి పోయినప్పుడు. పసివాళ్ళ చెయ్యి నోట్లోకి పోవడానికి ఎంతసేపు? అందుకే సబ్బుతో కడగాలి. 2004లో అమెరికాలో ప్రచురించిన పరీక్షల్లో సబ్బూ, తడి టిష్యూలూ పల్లీ మాంసకృత్తులను చేతులనుంచి పోగొట్టాయి. వట్టి నీళ్ళు, శానిటైజరు వాడిన కొన్ని చేతులమీద అవి మిగిలే ఉన్నాయి. శానిటైజరు క్రిములను చంపుతుంది గాని పల్లీని చంపదు గదా!

తిన్న కొద్ది నిమిషాల్లో, మహా అయితే 2 గంటల్లో, ఒంటినిండా దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు కనిపిస్తే మనవాళ్ళు “వేడి చేసింది” అని మజ్జిగ పట్టిస్తారు. గొంతు బొంగురుపోయినా, పిల్లికూతలు వచ్చినా, బిడ్డ వాలిపోయినా అది ప్రాణాపాయం. కావలసింది తొడ కండలో ఎడ్రినలిన్ ఇంజెక్షను. దద్దుర్ల మాత్ర దానికి బదులు కాదు. బిడ్డను పడుకోబెట్టండి, ఆయాసపడుతుంటే కూర్చోబెట్టండి, నడిపించవద్దు. 108కి ఫోను చేయండి. మన్ననూరు దాటితే చాలాదూరం అడవే. “శ్రీశైలం వెళ్ళాక చూద్దాం” అనుకోకుండా వెనక్కి అచ్చంపేట ఆస్పత్రికి మళ్ళండి.

ఒకసారి ఇలా జరిగిన పిల్లలకు పులిహోరలో పల్లీలు ఏరేసి పెట్టినా పనికిరాదు. పాకెట్లమీద వేరుశెనగ ఉందని రాయాలని 2020 నిబంధనలు చెబుతున్నాయి. బండిమీది పట్టీకి చీటీ ఎక్కడిది! ఇంటినుంచి అరటిపండు తీసుకెళ్ళండి. పరాయిబిడ్డ ఎంత ముద్దొచ్చినా తల్లిని అడక్కుండా ఏమీ పెట్టకండి.

ఆస్పత్రిలో తల్లులు ముందుగా అడిగేది, “డాక్టరుగారూ, ఏం మానెయ్యాలి?” అని. ఏ బాధా లేని బిడ్డకు పల్లీలు మాన్పించవద్దు. లండన్‌లో 640 మంది పసివాళ్ళమీద జరిపి 2015లో ప్రచురించిన పరిశీలనలో, ఏడాదిలోపే పల్లీ తినడం మొదలుపెట్టినవారికి 5 ఏళ్ళు వచ్చేసరికి పల్లీ ఎలర్జీ 81 శాతం తక్కువగా కనిపించింది. వాళ్ళంతా తీవ్రమైన ఎగ్జిమా గాని, గుడ్డు పడకపోవడం గాని ఉన్నవాళ్ళు. అలాంటి బిడ్డకైతే డాక్టరును అడిగి మొదలుపెట్టండి. మిగతావారికి 6 నెలలు నిండాక మెత్తటి పల్లీపొడి జావలో బాగా కలిపి పెట్టవచ్చు. గింజ గింజగా మాత్రం 5 ఏళ్ళు నిండేదాకా వద్దు, పట్టీ అయినా సరే. ఊపిరిగొట్టంలో ఇరుక్కున్న పల్లీని తీయించడానికి పెద్దాస్పత్రికి పరుగెత్తవలసి వస్తుంది.