కత్తి కంటే ముందు మాత్ర

దుమ్ముగూడెం వైపు ఒక రైతు వున్నాడనుకుందాం. యాభై ఏళ్ళ మనిషి. ఏడాదిగా ఒంట్లో నీరసం. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయినట్లుంటుంది. మొదట మలేరియా అన్నారు. తరువాత రక్తం తక్కువైందని ఐరన్ బిళ్ళలు ఇచ్చారు. చివరకు స్కానింగు తీస్తే పొట్టలో కొబ్బరికాయంత గడ్డ కనిపించింది. హైదరాబాదు పంపించారు. అక్కడి సర్జను పరీక్షలన్నీ చూసి, "ఇప్పుడు కోయను. రోజుకొక మాత్ర చొప్పున ఆరు నెలలు మింగు. ఆ తరువాత ఆపరేషన్ చేస్తాను" అన్నాడు.

మనవాడు ఇంటికి తిరిగి వచ్చాడు. ఊళ్ళో అందరిదీ ఒకటే మాట: "కోయనన్నారంటే ఇక లాభం లేదన్నమాట. మాత్రలిచ్చి సాగనంపారు."

ఆ మాట నమ్మి మాత్రలు మానేస్తే, బాగుపడే అవకాశాన్ని చేజేతులా పారవేసుకున్నట్లే. సర్జను చెప్పింది ఆశ వదులుకున్న మాట కాదు, ఆశతో చెప్పిన మాట. అదెలాగో తెలుసుకుందాం.

ఏమిటీ గడ్డ?

మనం తిన్న అన్నం జీర్ణాశయం నుంచి పేగుల్లోకి, అక్కడి నుంచి ముందుకు జరగాలంటే ఆ గోడల్లోని కండరాలు ఒక లయ ప్రకారం ముడుచుకొని సడలాలి. ఆ లయను నడిపించే ప్రత్యేక కణాలు కొన్ని వున్నాయి. వాటిని మొదట వర్ణించిన స్పెయిన్ శాస్త్రజ్ఞుడు కహాల్ పేరుతోనే వాటిని పిలుస్తారు. ఈయన 1906లో నోబెల్ బహుమతి పొందినవాడు. ఈ కణాల నుంచి, లేదా వీటికి మూలమైన కణాల నుంచి పుట్టే గడ్డనే 'గిస్ట్' అంటారు. సగానికి పైగా జీర్ణాశయంలోనూ, తరువాత ఎక్కువగా చిన్నపేగులోనూ, కొద్దిగా పురీషనాళంలోనూ వస్తాయి. మామూలుగా మనం వినే కడుపు కాన్సరు లోపలి పొరలో పుడుతుంది. ఇది గోడలోని కండరపు పొరలో పుడుతుంది. రెండూ ఒకటి కావు, వైద్యమూ ఒకటి కాదు.

చాలాకాలం ఈ గడ్డకు కత్తి ఒక్కటే మందు. మామూలు కీమోథెరపీకి ఇది లొంగేది కాదు. కోయడానికి వీలులేని చోట పెరిగితే, లేక కాలేయానికి పాకితే, డాక్టరు చేయగలిగింది బహు తక్కువ.

ఆరిపోని స్విచ్చి

1998లో జపానులోని ఒసాకాకు చెందిన హిరోటా, ఆయన సహచరులు దీని కీలకం కనిపెట్టారు. కణం పైపొరలో 'కిట్' అనే ప్రోటీను వుంటుంది. బయటి నుంచి సంకేతం వచ్చినప్పుడే అది కణాన్ని "పెరుగు" అని ఆదేశించాలి. మన ఇంట్లో లైటు స్విచ్చి వంటిదన్నమాట. గిస్ట్ గడ్డల్లో ఎక్కువ భాగంలో 'కిట్' జన్యువు మారిపోయి, ఆ స్విచ్చి వేసింది వేసినట్లే వుండిపోతుంది. ఎవరూ నొక్కకుండానే కణం పెరుగుతూ, విభజన చెందుతూ వుంటుంది.

సరిగ్గా ఇటువంటి స్విచ్చినే ఆర్పగల మందు అప్పటికే మరో జబ్బు కోసం తయారవుతున్నది. అదే ఇమాటినిబ్. ఒక రకం రక్త కాన్సరు కోసం నికొలస్ లైడన్, బ్రయన్ డ్రూకర్ మొదలైనవారు దీనిపై కృషి చేశారు. ఈ ప్రోటీను పనిచేయాలంటే ఏటీపీ అనే శక్తి అణువు దానిలోని ఒక గుంటలో కూర్చోవాలి. ఇమాటినిబ్ వెళ్ళి ఆ గుంటలో తానే కూర్చుంటుంది. ఏటీపీకి చోటు దొరకదు, స్విచ్చి ఆరిపోతుంది.

2000 మార్చిలో ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో, గిస్ట్ వ్యాపించి వేరే దారి లేని ఒక మహిళకు ఈ మాత్ర మొదలుపెట్టారు. కొద్ది వారాలలోనే గడ్డలు తగ్గుముఖం పట్టాయి. ఆ వార్త 2001లో వైద్య పత్రికలో వెలువడింది. 2002లో అమెరికాలో ఈ జబ్బుకు మందు వాడడానికి అనుమతి వచ్చింది. కత్తికి అందని గడ్డను ఈ మందు తగ్గిస్తున్నప్పుడు, కత్తికి కష్టమైన గడ్డను ముందు తగ్గించి ఆ తరువాత కోస్తే ఎలా వుంటుందన్న ఆలోచన సహజంగానే కలిగింది.

ముందే ఎందుకు కోయరాదు?

ఇంటి చూరుకు ఆనుకొని పెరిగిన పెద్ద చింతచెట్టును కొట్టాలంటే మన పల్లెల్లో ఏం చేస్తారు? మొదటే మొదలు నరకరు. ముందు కొమ్మలు కొట్టి బరువు తగ్గించి, ఆ తరువాతే మొద్దు దింపుతారు. లేకపోతే చెట్టుతో బాటు ఇల్లూ పోతుంది.

ఇక్కడా అంతే. గడ్డ అన్నవాహిక, జీర్ణాశయం కలిసే చోట వుంటే జీర్ణాశయం మొత్తం తీయవలసి రావచ్చు. చిన్నపేగు మొదట్లో వుంటే క్లోమం తలభాగం కూడా పోవచ్చు. పురీషనాళంలో వుంటే మలద్వారం మూసివేసి, జీవితాంతం పొట్టమీద సంచీతో బ్రతకవలసి రావచ్చు. గడ్డ సగమైతే ఈ అవయవాలు దక్కే అవకాశం పెరుగుతుంది.

మరో ప్రమాదం ఇంకా పెద్దది. ఈ గడ్డలు మెత్తగా, నిండుగా రక్తంతో వుంటాయి. ఆపరేషనులో పగిలితే ఆ కణాలు పొట్టంతా చిమ్ముకొని, జబ్బు తిరిగి వచ్చే అవకాశం చాలా ఎక్కువవుతుంది. మందు వాడాక గడ్డకు రక్తప్రసారం తగ్గుతుంది. చెక్కు చెదరకుండా తీయడం సులువవుతుంది.

ఐతే ఇది అందరికీ కాదు. గడ్డ చిన్నదై, సులువుగా తీయగల చోట వుంటే నేరుగా ఆపరేషన్ చేయడమే మేలు.

వైద్యం జరిగే తీరు

మొదట చిన్న ముక్క తీసి, అది గిస్ట్ అవునో కాదో నిర్ధారిస్తారు. ఆ తరువాత జన్యు పరీక్ష. ఇది లాంఛనం కాదు. కొన్ని రకాల మార్పులున్న గడ్డలకు ఇమాటినిబ్ పనిచేయనే చేయదు. అటువంటి వారికి ఆరు నెలలు మాత్రలిస్తే కాలం వృథా. మరొక రకానికి మోతాదు పెంచవలసి వుంటుంది.

సాధారణ మోతాదు రోజుకు 400 మిల్లీగ్రాములు, భోజనంతో బాటు, పెద్ద గ్లాసు నీళ్ళతో. ఒకటి రెండు నెలలకే మొదటి స్కాను తీసి మందు పనిచేస్తున్నదో లేదో చూస్తారు. ఇక్కడొక చిత్రం వున్నది. మొదట్లో గడ్డ సైజు తగ్గకపోవచ్చు, కొంచెం పెరిగినట్లు కూడా కనిపించవచ్చు. కాని లోపల కణాలు చచ్చి, గడ్డ సాంద్రత పడిపోతుంది. అనుభవమున్న రేడియాలజిస్టు ఆ తేడా పసిగడతాడు. సైజు ఒక్కటే చూసి "మందు పట్టలేదు" అనుకోరాదు.

సాధారణంగా 6 నుంచి 12 నెలలలో గడ్డ తగ్గగలిగినంత తగ్గుతుంది. అప్పుడు ఆపరేషన్. మరీ ఆలస్యం చేస్తే, మిగిలిన కణాలలో కొత్త మార్పులు వచ్చి మందుకు లొంగని గడ్డ తయారుకావచ్చు. మాత్ర ఒక్కదానితోనే జబ్బు పూర్తిగా పోవడం అరుదు. కాబట్టి కత్తి అవసరం తప్పదు. ఆపరేషనుకు కొద్దిరోజుల ముందు మందు ఆపి, కోలుకొని తినగలిగాక మళ్ళీ మొదలుపెడతారు. తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్నవారు ఒక సంవత్సరం కంటే మూడు సంవత్సరాలు వాడితే ఎక్కువ కాలం బ్రతుకుతున్నారని 2012లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

కళ్ళ చుట్టూ వాపు, వికారం, పిక్కలు పట్టేయడం, విరేచనాలు కలగవచ్చు. డాక్టరుకు చెబితే చాలావరకు సర్దుతారు. టీబీకి వాడే రిఫాంపిసిన్ ఇమాటినిబ్ బలాన్ని తగ్గించివేస్తుంది. కాబట్టి వేరే ఏ మందు వాడుతున్నా, అది నాటుమందైనా సరే, దాచకుండా చెప్పాలి.

మన తెలుగువారి పాత్ర

కాన్సరును మందుతో లొంగదీయవచ్చునన్న ఆలోచనలో మనవాడొకడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు పేగుల జబ్బు స్ప్రూతో చనిపోయారు. ఆయన అమెరికాలో లెడర్లే పరిశోధనాలయంలో ఫోలిక్ ఆమ్లంపైనా, దానిని ఎదిరించే మందులపైనా పరిశోధన నడిపించాడు. ఆ మందులతోనే సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త కాన్సరును తాత్కాలికంగానైనా లొంగదీసి, 1948లో ప్రకటించాడు. సుబ్బారావు కన్నుమూసింది ఆ సంవత్సరమే.

ఇక ఇమాటినిబ్ ధర మాట. స్విట్జర్లాండు కంపెనీ నోవార్టిస్ మందు నెలకు దాదాపు లక్షా ఇరవై వేల రూపాయలయ్యేది. 2003లో హైదరాబాదు కంపెనీ నాట్కో 'వీనాట్' పేరుతో అదే మందును అందులో పదో వంతు లోపు ఖర్చుతో అందించింది. ఈ మందు స్ఫటిక రూపానికి పేటెంటు కావాలని నోవార్టిస్ ఏళ్ళ తరబడి పోరాడింది. తెలిసిన మందుకు కొత్త రూపం ఇచ్చినంత మాత్రాన, అది ఎక్కువ గుణం చూపితే తప్ప పేటెంటు లేదని చెప్పే 3(డి) సెక్షన్ ఆధారంగా సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న ఆ కోరికను తోసిపుచ్చింది. మన రైతు చేతిలోని మాత్ర వెనుక ఇంత కథ వున్నది.

మనమేం చేయగలం?

మాత్ర చౌకైనా దారి చౌక కాదు. భద్రాచలం నుంచి హైదరాబాదు 300 కిలోమీటర్ల పైమాటే. తునికాకు రోజుల్లో కూలి మానుకొని స్కానుకు వెళ్ళాలంటే ఎంత కష్టమో అడవి అంచు వాళ్ళకే తెలుసు. నాలుగు నెలలకు ఆకలి తిరిగి వస్తుంది, ఒంట్లో బలం వస్తుంది. "బాగయింది గదా, ఇంకా ఎందుకు?" అని మానేసేది సరిగ్గా అప్పుడే. మానేస్తే ఆరిన స్విచ్చి మళ్ళీ వెలుగుతుంది.

మనలో చాలామందిమి ఆ ఊళ్ళ నుంచే వచ్చాం. సెలవులకు వెళ్ళినప్పుడు నల్లగా తారులా విరేచనమయ్యేవారిని, కారణం తెలియని రక్తహీనతతో వాడిపోతున్నవారిని పెద్దాసుపత్రికి వెళ్ళమని చెప్పగలం. హైదరాబాదులో 1955లో వెలసిన ఎం.ఎన్.జె. ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి వున్నదనీ, ఆరోగ్యశ్రీ కార్డు వెంట తీసుకువెళ్ళి అడగాలనీ చెప్పగలం. డాక్టరు చీటీ చదివి, తరువాతి స్కాను తేదీ గోడ క్యాలెండరు మీద రాసి పెట్టగలం. అన్నిటికీ మించి, "కోయనన్నారంటే ఆశ లేదట" అని ఎవరైనా అన్నప్పుడు పక్కన కూర్చొని, "కాదు పెదనాన్నా, ముందు కొమ్మలు కొడుతున్నారు. మొద్దు తరువాత దింపుతారు" అని చెప్పగలం. చదువుకున్నందుకు ఆ మాత్రం చేయలేమా?