ఆకాశంలో గెలుపు, నేల మీద ఓటమి: సెయిలర్ మలాన్ కథ

(రేడియో ప్రసంగ పాఠం)



సెప్టెంబరు నెల వచ్చిందంటే బ్రిటన్‌లో ఉన్న మన పిల్లలు బడి నుంచి ఒక మాట మోసుకొస్తారు: "బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్". 1940లో హిట్లర్ విమానదళం ఇంగ్లండు మీద విరుచుకుపడినప్పుడు దాన్ని ఆకాశంలోనే అడ్డుకున్న యుద్ధం అది. లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున, ఆ యుద్ధంలో పాల్గొన్న వైమానికుల పేర్లతో 2005లో ఒక స్మారకం కట్టారు. పేర్లు దేశాలవారీగా చెక్కి ఉంటాయి. దక్షిణాఫ్రికా వరుసలో మలాన్ అన్న పేరు కనిపిస్తుంది. ఈవారం ఆయన గురించి చెప్పుకుందాం.

శత్రు విమానాలు కూల్చిన వీరుల కథలు చాలానే ఉన్నాయి. మలాన్ కథ అక్కడితో ఆగదు. యుద్ధం గెలిచి స్వదేశం వెళ్ళాక, అక్కడి ప్రభుత్వం తోటి మనుషుల ఓటు హక్కు లాక్కోబోతే, ఆయన వీధిలోకొచ్చి ఎదిరించారు. మొదటి యుద్ధం గెలిచారు, రెండోది ఓడిపోయారు. ఎందుకు ఓడిపోయారన్నది మనలాంటి వలస కుటుంబాలు తెలుసుకోవలసిన విషయం.

అడాల్ఫ్ గిస్బర్ట్ మలాన్ 1910లో దక్షిణాఫ్రికాలో, కేప్ టౌన్‌కి దగ్గర్లోని వెల్లింగ్టన్ ఊళ్ళో, ఆఫ్రికానర్ కుటుంబంలో పుట్టారు. ఆఫ్రికానర్లంటే ప్రధానంగా డచ్చి, ఫ్రెంచి, జర్మన్ వలసదారుల సంతతి. వాళ్ళ భాష ఆఫ్రికాన్స్. పదమూడో ఏటనే 'జనరల్ బోథా' అనే శిక్షణ నౌకలో చేరి, తర్వాత వర్తక నౌకల్లో పనిచేశారు. అందుకే విమానదళంలో చేరాక తోటివాళ్ళు "సెయిలర్", అంటే ఓడవాడు, అని పిలిచేవారు. ఆ పేరే నిలిచిపోయింది.

1936 చివర్లో ఆయన బ్రిటిష్ విమానదళంలోని 74వ స్క్వాడ్రన్‌లో చేరారు. 1940 ఆగస్టులో, యుద్ధం ముదిరిన రోజుల్లో, దానికి నాయకుడయ్యారు. ఆ తర్వాత లండన్ శివార్లలోని బిగ్గిన్ హిల్ స్థావరం నుంచి స్పిట్‌ఫైర్ దళాలను నడిపారు. స్వయంగా కూల్చినవి 27 విమానాలు, ఇతరులతో కలిసి కూల్చినవి మరో 7 ఆయన లెక్కలో ఉన్నాయి.

ఇందులో అదృష్టం కంటే పద్ధతి ఎక్కువ. అప్పటి బ్రిటిష్ దళాలు మూడేసి విమానాలు దగ్గరగా, బాణం ములికిలా ఎగిరేవి. పక్కవాడి రెక్క తగలకుండా చూసుకోవడంతోనే సరిపోయేది, ఇక శత్రువుని చూసేదెప్పుడు? మలాన్ తన దళాన్ని నాలుగేసి విమానాలుగా విడదీసి, ఒకదాని వెనక ఒకటి నడిపించారు. తుపాకులు 250 గజాల దూరంలో గురి కలిసేలా సర్దించారు. దగ్గరికి వెళ్ళేదాకా కాల్చొద్దు, ఒకటి రెండు సెకన్లకి మించి కాల్చొద్దు, ఎప్పుడూ చుట్టూ చూస్తూ ఉండు: ఇలాంటి పది సూత్రాలు రాస్తే, వాటిని విమానస్థావరాల గోడల మీద అంటించారు. కొత్త కుర్రాళ్ళు వాటిని బట్టీపట్టి ప్రాణాలు దక్కించుకున్నారు.

అలాగని ఆయన మచ్చలేని మనిషేం కాదు. యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, 1939 సెప్టెంబరు 6న, ఆయన నాయకత్వంలోని విమానాలు పొరపాటున సొంత పక్షం విమానాల మీదే కాల్పులు జరిపాయి. ఒక బ్రిటిష్ వైమానికుడు చనిపోయాడు. కాల్చిన ఇద్దరినీ సైనిక న్యాయస్థానంలో నిలబెడితే, తాను ఆపమని చెప్పానంటూ మలాన్ వాళ్ళకి వ్యతిరేకంగా సాక్ష్యమిచ్చారు. న్యాయస్థానం ఆ ఇద్దరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఆ సంగతి ఆ స్క్వాడ్రన్‌లో చాలాకాలం ముల్లులా మిగిలింది.

ఇక దక్షిణాఫ్రికా సంగతి. ఆ దేశం యుద్ధంలో దిగాలా వద్దా అన్నదే 1939లో పెద్ద తగువు. పార్లమెంటులో 80 మంది దిగాలన్నారు, 67 మంది వద్దన్నారు. వద్దన్నవాళ్ళలో బ్రిటన్ మీద పాతకోపం ఉన్నవాళ్ళున్నారు. పార్లమెంటు బయట జర్మనీ గెలవాలని కోరుకున్న సంస్థలూ ఉన్నాయి. నిర్బంధ సైనిక సేవ పెడితే దేశం చీలిపోతుందని స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళనే తీసుకున్నారు. అలా సుమారు 3 లక్షల 34 వేలమంది వచ్చారు. తెల్లవాళ్ళే కాదు, ఆఫ్రికన్లు, మిశ్రమ సంతతివాళ్ళు, భారతీయులు కూడా. కాకపోతే తెల్లవాళ్ళు కానివారికి ఎక్కువగా లారీలు నడపడం, గాయపడినవాళ్ళని మోయడంలాంటి పనులు అప్పగించారు.

1946లో మలాన్ ఇంటికి తిరిగొచ్చారు. రెండేళ్ళకే, 1948లో, యుద్ధం వద్దన్న పక్షమే ఎన్నికల్లో గెలిచింది. ఓట్లు తక్కువొచ్చినా సీట్లు ఎక్కువొచ్చాయి. ప్రధానమంత్రి పేరు డి. ఎఫ్. మలాన్. ఇంటిపేరొకటే, దారులు మాత్రం వేరు. వర్ణవివక్షని చట్టంగా మార్చే పని అప్పుడు మొదలైంది. ఎవరు ఏ జాతో రాసిపెట్టే చట్టం, ఎవరు ఏ పేటలో ఉండాలో నిర్ణయించే చట్టం, రెండూ 1950లో వచ్చాయి. 1951లో ఓటు జోలికొచ్చారు.

ఇక్కడ కొంచెం వివరం అవసరం. కేప్ రాష్ట్రంలో 19వ శతాబ్దం నుంచీ ఆస్తి, చదువు ఉన్న మగవాళ్ళకి రంగుతో పని లేకుండా ఓటుండేది. చట్టం 'కలర్డ్' అని పిలిచిన మిశ్రమ సంతతివాళ్ళు తెల్లవాళ్ళతో ఒకే జాబితాలో ఓటేసేవారు. 1909 రాజ్యాంగ చట్టంలో దీనికి ఒక తాళం వేశారు. ఈ హక్కు తీసెయ్యాలంటే రెండు సభలూ కలిసి కూర్చుని, మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకోవాలి. ఉమ్మడి ఆస్తి అమ్మాలంటే అన్నదమ్ములందరూ సంతకం పెట్టాలని దస్తావేజులో రాసుకున్నట్టన్నమాట. ప్రభుత్వానికి అంత బలం లేదు. అందుకని మామూలు మెజారిటీతోనే చట్టం చేసేసింది. పెద్దన్నొక్కడే సంతకం పెట్టి అమ్మేసినట్టు!

మాజీ సైనికులకి ఒళ్ళు మండింది. 1951 మే 4న జోహానెస్‌బర్గ్‌లో వేలమంది దివిటీలు పట్టుకుని ఊరేగారు. రాజ్యాంగం చచ్చిపోయిందని ఒక శవపేటిక మోశారు. ఆ సభలో సెయిలర్ మలాన్ మాట్లాడారు. అదే నెలలో దేశం నలుమూలల నుంచి జీపులు, లారీల్లో బయలుదేరి మే 28న కేప్ టౌన్ చేరారు. వేలాది జనం ఎదురొచ్చారు. అందులో ఓటు పోగొట్టుకోబోతున్నవాళ్ళూ ఎంతోమంది. ఆ ఊపులో పుట్టిన సంస్థే 'టార్చ్ కమాండో'. అధ్యక్షుడు మలాన్. ఉచ్ఛదశలో తమకి రెండున్నర లక్షలమంది సభ్యులున్నారని ఆ సంస్థ చెప్పుకుంది. ప్రభుత్వం ఎంత కంగారుపడిందంటే, ప్రభుత్వోద్యోగులూ సైనికులూ అందులో చేరకూడదని ఆంక్ష పెట్టింది.

1952 మార్చిలో అత్యున్నత న్యాయస్థానం ఆ చట్టం చెల్లదని తీర్పిచ్చింది. ప్రభుత్వం ఊరుకోలేదు. పార్లమెంటునే ఒక న్యాయస్థానంగా ప్రకటిస్తూ ఇంకో చట్టం చేసింది. దాన్నీ కోర్టు కొట్టేసింది. ఇంతలో 1953 ఎన్నికలొచ్చాయి. టార్చ్ కమాండో ప్రతిపక్షాలతో చేతులు కలిపింది. ఫలితం? పాలకపక్షానికి 94 సీట్లు, అంతకుముందు కంటే ఎక్కువ. టార్చ్ కొడిగట్టింది. మలాన్ కింబర్లీ దగ్గరి పొలానికి వెళ్ళిపోయారు.

తాళం సంగతేమైందంటారా? 1955లో సెనేట్ సభ్యుల సంఖ్యని 48 నుంచి 89కి పెంచి, తమవాళ్ళతో నింపారు. సంతకాలు చాలకపోతే కొత్త అన్నదమ్ముల్ని పుట్టించినట్టు! రాజ్యాంగ వివాదాలు వినే న్యాయమూర్తుల సంఖ్యని కూడా పదకొండు చేశారు. 1956లో మూడింట రెండు వంతుల మెజారిటీ వచ్చింది. పదకొండుమంది న్యాయమూర్తుల్లో ఒక్కరే కాదన్నారు. ఓటు పోయింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. అంత పెద్ద ఉద్యమం రెండేళ్ళలో ఎందుకు చల్లబడింది? ప్రభుత్వం గట్టిది కాబట్టి అంటే సగమే జవాబు. మిగతా సగం ఉద్యమం లోపల ఉంది.

టార్చ్ కమాండో రాజ్యాంగం కోసం పోరాడింది. కానీ ఎవరి ఓటు కోసం రోడ్డెక్కిందో ఆ కలర్డ్ మాజీ సైనికుల్ని సమాన సభ్యులుగా కలుపుకోవడానికే తటపటాయించింది. కలుపుకుంటే తెల్ల ఓటర్లు దూరమవుతారని భయం. ఇంకా వెనక్కి వెళ్దాం. అదే కేప్‌లో ఆఫ్రికన్లకి కూడా ఉమ్మడి జాబితాలో ఓటుండేది. 1936లో దాన్ని తీసేశారు. అప్పుడు సభలు కలిసి కూర్చున్నాయి, మూడింట రెండు వంతుల కంటే చాలా ఎక్కువ మెజారిటీ వచ్చింది. తాళం పద్ధతి ప్రకారమే తీశారు కాబట్టి దివిటీలు పట్టినవాళ్ళెవరూ లేరు! పద్ధతి సరిగ్గా ఉంటే అన్యాయం న్యాయమైపోతుందా? 1951లో ఉద్యమం అడిగింది పద్ధతి గురించి. అడగవలసింది మనుషుల గురించి.

మన తెలుగువాళ్ళకి ఇందులో ఒక పాలుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడతో మొదలుపెట్టి, వేలమంది తెలుగువాళ్ళు నాటాల్ చెరకు తోటలకి కూలీలుగా వెళ్ళారు. నాటాల్‌లో భారతీయుల ఓటుహక్కుకి 1896 చట్టంతోనే తలుపు మూసేశారు. గాంధీగారు అక్కడ మొదట తలపడిన సమస్యల్లో అదొకటి. అంటే 1951లో కాపాడటానికి మనవాళ్ళకి ఓటే లేదు. వాళ్ళ పోరాటం ఇంకో దారిలో నడిచింది. 1952 జూన్ 26న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్, దక్షిణాఫ్రికా ఇండియన్ కాంగ్రెస్ కలిసి అన్యాయపు చట్టాల్ని కావాలని ధిక్కరించి జైలుకెళ్ళే ఉద్యమం మొదలుపెట్టాయి. ఎనిమిది వేలమందికి పైగా అరెస్టయ్యారు. అదే సంవత్సరం, అదే దేశం, అదే ప్రభుత్వం మీద రెండు ఉద్యమాలు. ఒకదాంట్లో లక్షల సభ్యులూ యుద్ధవీరులూ, రెండోదాంట్లో ఓటు లేని మామూలు జనం. అవి రెండూ కలవలేదు. 1994లో అందరికీ ఓటు వచ్చిందంటే, దానికి దారివేసింది రెండోదే.

మరి మలాన్‌ని తీసిపారెయ్యాలా? నేనలా అనను. ఆకాశంలో పోరాడినప్పుడు ఆయన వెనక ఒక సామ్రాజ్యం ఉంది, పతకాలున్నాయి. నేల మీద పోరాడినప్పుడు ఎదురుగా ఉన్నది తన భాష మాట్లాడే తన మనుషులు. చుట్టాల్లో ద్రోహి అనిపించుకోవడానికి సిద్ధపడటం చిన్న ధైర్యం కాదు. పేరుంది, ఉద్యోగముంది, మాట్లాడకుండా ఉంటే సుఖంగా గడిచిపోయేది. అయినా మాట్లాడారు. పార్కిన్సన్స్ జబ్బుతో 1963 సెప్టెంబరు 17న పోయారు. నెల్సన్ మండేలా అప్పటికే జైల్లో ఉన్నారు.

మనం పరాయి దేశాల్లో కాపురాలుంటున్నాం. మనలో కొందరికి ఇక్కడ ఓటుంది, కొందరికి లేదు. మన హక్కులు కొన్ని, ఎవరో ఎప్పుడో వేసిన తాళాల వల్లే భద్రంగా ఉన్నాయి. ఆ తాళాలు గట్టివే, కానీ మెజారిటీ ఉన్నవాడు తలుచుకుంటే తాళంచెవి చేయించుకోగలడని 1956 చెప్పింది. పక్కింటివాడి హక్కు పోతున్నప్పుడు, "వాడు మనవాడు కాదులే" అని ఊరుకుంటే, మన వంతు వచ్చేసరికి అడిగేవాళ్ళు తక్కువగా మిగులుతారని 1936 చెప్పింది. పిల్లలు బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ గురించి అడిగితే స్పిట్‌ఫైర్ కథ తప్పకుండా చెప్పండి. దాంతోపాటు దివిటీల కథ కూడా చెప్పండి. అది ఎందుకు ఆరిపోయిందో కూడా చెప్పండి.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. సెలవు.