బయాప్సీలో తేలలేదా? కంగారొద్దు, వదిలేయొద్దు
రొమ్ములో గడ్డకు సూదితో బయాప్సీ చేస్తే రిపోర్టులో ‘ఫైబ్రోఎపిథీలియల్ లీజన్’ అని వచ్చింది. అంటే ఏంటి?

అది రెండు రకాల్లో ఏదైనా కావచ్చు. ఒకటి ఫైబ్రోఅడినోమా. యువతుల్లో సాధారణం, క్యాన్సర్ కాదు. రెండోది ఫిలోడీస్ ట్యూమర్. రొమ్ము కణితుల్లో 1 శాతం లోపే. త్వరగా పెరగొచ్చు, తీసినా మళ్లీ రావొచ్చు. కొన్ని క్యాన్సర్ రకం.

ఎందుకు తేలదు?

సూదితో వచ్చేవి దారాల్లాంటి సన్నని ముక్కలే. ఫిలోడీస్ గడ్డ అంతటా ఒకేలా ఉండదు. సూది దిగినచోట అచ్చం ఫైబ్రోఅడినోమాలాగే కనిపించొచ్చు.

ఏం చేయాలి?

రిపోర్టును స్కానింగ్‌తో సరిపోల్చమని డాక్టర్‌ను అడగండి. గడ్డ పెరుగుతుంటే ఆలస్యం చేయొద్దు. మొత్తం తీసి పరీక్షిస్తేనే స్పష్టత వస్తుంది. రెండో అభిప్రాయం కావాలంటే ల్యాబ్‌లో స్లైడ్లు, పారాఫిన్ బ్లాకులు అడిగి తీసుకోండి.