ఒకే దొడ్లో రెండు పుంజులు: ఎందుకు కొట్టుకుంటాయి? ఎలా సర్దాలి?

సంక్రాంతి వెళ్లాక గోదావరి జిల్లాల దొడ్లలో పుంజులు మిగులుతాయి. పందేనికి పనికిరావని వదిలేసినవి కొన్ని, పండక్కి కోద్దామనుకుని మనసొప్పక ఆగినవి కొన్ని. అక్కడితో గొడవ మొదలు.

"మొన్నటిదాకా కలిసి తిరిగినవేగా, ఇప్పుడేమొచ్చింది?" అంటారు. వయసొచ్చింది. ఐదారు నెలలకి పుంజు ఈడుకొస్తుంది, తగువు గుణమూ దాంతోనే వస్తుంది. 1849లో జర్మనీలోని గట్టింగెన్‌లో బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త పుంజుపిల్లల వృషణాలు తీసి చూశాడు. నెత్తిమీద జుట్టు ఎదగలేదు, కూత రాలేదు, తగువుకి పోలేదు. వృషణాన్ని తిరిగి కడుపులో పెట్టిన వాటికి మాత్రం అన్నీ వచ్చాయి.

ఈడుకొచ్చాక ఎవరు పెద్దో తేలాలి. కోళ్లలో ఈ పెద్దాచిన్నా వరసని 1920ల్లో నార్వేవాడు షెల్డెరుప్-ఎబ్బె వివరించాడు. మామూలుగా ఓడినది తల దించి తప్పుకుంటుంది, గెలిచినది నాలుగడుగులు తరిమి ఊరుకుంటుంది. కూతకీ వరసే. తెల్లారగట్ల ముందు కూసేది పెద్ద పుంజేననీ, దాన్ని తీసేస్తే రెండోది అందుకుంటుందనీ జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో రాశారు. మీ దొడ్లో పెద్దెవరో తెలియాలంటే ఆ వేళకి లేచి వింటే సరి.

"మరి మావి రక్తం కారినా వదలవేం?" మన ప్రాంతంలో అసలు చిక్కు ఇదే. రంగుని బట్టి డేగ, కాకి, నెమలి అని పిలిచే మన పుంజుల్లో అసీల్ అనే పోరుజాతి రక్తం ఉంది. తరతరాలుగా వెన్ను చూపని పుంజునే ఏరి పిల్లలు తీయించాం. ఇప్పుడు తల దించమంటే అదెలా దించుతుంది? "నాలుగు రోజులు కొట్టుకుని అవే సర్దుకుంటాయిలే" అన్నది మామూలు నాటు పుంజుల మాట. అసీల్ విషయంలో ఆ ధీమా పనికిరాదు, ఒకటి చచ్చేదాకా పోవచ్చు.

ఇక్కడ పందెం పుంజులు పెంచేవాళ్లని చూసి నేర్చుకోవాలి. కత్తి కట్టడం నాకు గిట్టదు, 1960 నాటి జంతుహింస నివారణ చట్టమూ ఒప్పుకోదు. కానీ పుంజుల్ని విడిగా ఉంచడంలో వాళ్లని మించినవాళ్లు లేరు. కొబ్బరితోటలో చెట్టుకొక పుంజు, కాలికి మెత్తటి తాడు. రెండు తాళ్లూ పూర్తిగా సాగినా ఒకదాన్నొకటి అందుకోలేవు. మధ్యలో తాటాకు తడికో, గోనెపట్టానో అడ్డం. కిటుకంతా ఆ అడ్డంలోనే ఉంది. ఎదుటిది కంటపడగానే పుంజు మెడ ఈకలు గొడుగులా విచ్చుకుంటాయి. తల వంచి, గింజ లేకపోయినా నేలని పొడుస్తూ ఓరకంట చూస్తుంది. కనబడకపోతే చాలావరకు కూతకి కూతతో సరిపెట్టుకుంటుంది.

నాటు పుంజుల్ని కలిపి వదలాలంటే పుంజుకి ఎనిమిది, పది పెట్టలుండాలి. తక్కువైతే పెట్టల వీపులు బోడులవుతాయి. నూకలూ నీళ్లూ రెండు చోట్ల పెట్టండి. ఓడినది తప్పుకోడానికి గడ్డిమేటు చాటో, గోడ చాటో ఉండాలి. ఒకదాన్ని చుట్టాలింటికి పంపి కొన్ని వారాలకి తెస్తే దాన్ని కొత్త పుంజుగానే చూస్తాయి, తగువు మళ్లీ మొదటికొస్తుంది. రక్తం కనిపిస్తే వెంటనే విడదీయాలి. లేకపోతే మిగతా కోళ్లూ ఆ ఎర్రటి చోటే పొడుస్తాయి.

"ఇంతకీ రెండూ అవసరమా?" తినే గుడ్లకైతే ఒక్కటీ అక్కర్లేదు. పొదిగించే గుడ్లకి పది పెట్టలకొక పుంజు చాలు. అయినా రెండింటిమీదా మమకారముంటే వంతులేయండి: డేగ పెట్టలతో తిరిగే రోజుల్లో కాకి తడిక వెనక, నీడలో. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. పుంజు తొక్కాక పెట్ట ఒంట్లో వీర్యం రెండు మూడు వారాలు నిలవుంటుంది. పుట్టే పిల్లలు ఏ పుంజువో కచ్చితంగా తెలియాలంటే, వంతు మార్చాక మూడు వారాలపాటు పెట్టిన గుడ్లు పొదగేయకుండా అట్టుకో, కూరకో వాడేయండి.